ఐవీఎఫ్ సెంటర్ చెప్పే సక్సెస్ రేటును ఎలా చదవాలి, ఏమేం అడగాలి

హైదరాబాద్, విజయవాడ సంగతి సరే, ఇప్పుడు ఖమ్మం, రాజమండ్రిలాంటి ఊళ్లలోనూ సంతాన సాఫల్య కేంద్రాల హోర్డింగులు కనబడుతున్నాయి. బోసినవ్వుల పాప ఫొటో, పక్కన డాక్టరు గారి ఫొటో, కింద పెద్ద అక్షరాల్లో ఒక శాతం. మేమూ అలాంటి శాతం చూసే మొదటి సెంటర్‌కి వెళ్లాం. కౌన్సెలింగ్ గదిలో ఒకమ్మాయి ప్యాకేజీల కాగితం మా ముందు పెట్టి, "మా దగ్గర డెబ్బై శాతం సక్సెస్ సార్" అంది. "అంటే వందమంది వస్తే డెబ్బైమందికి పిల్లలు పుడతారా?" అని మా ఆయన అడిగాడు. "అది పాజిటివ్ రేటు సార్" అని పేజీ తిప్పేసింది. గర్భపరీక్ష పాజిటివ్ రావడానికీ, బిడ్డ ఇంటికి రావడానికీ మధ్య ఎంత దూరం ఉందో ఆ రోజు మాకు తెలియదు. తెలిసేసరికి ఒక సైకిల్ (ఇంజెక్షన్ల నుంచి ఫలితం దాకా ఒక విడత చికిత్స), ఏడాది సమయం, దాచుకున్న డబ్బు అన్నీ అయిపోయాయి.

ఇప్పుడు ఆ గదిలో కూర్చోబోతున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. డాక్టరు చెప్పాల్సిన వైద్యం ఇందులో లేదు. సెంటర్ చెప్పే అంకెను ఎలా విప్పి చూసుకోవాలో మాత్రమే ఉంది.

మొదటి పని: 'ఎంతమందిలో' అని అడగండి

శాతం వినగానే రెండు ప్రశ్నలు వెంటనే రావాలి. ఎంతమందిలో? ఏది జరిగితే సక్సెస్ అంటున్నారు? ఈ రెండూ తెలియకపోతే ఆ అంకెకు విలువ లేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది నేను కల్పించిన ఉదాహరణ, ఏ సెంటర్‌దీ కాదు. వందమంది ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. అండాలు సరిగా పెరగక పదిమందికి మధ్యలోనే ఆపేశారు. తొంభైమందికి ఎగ్ పికప్ (అండాలను బయటికి తీయడం) జరిగింది. అందులో ఇరవైమందికి పిండాలు తయారు కాలేదు, లేదా మధ్యలో ఆగిపోయాయి. డెబ్బైమందికి ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్ చేశారు, అంటే పిండాన్ని గర్భంలో పెట్టారు. పద్నాలుగు రోజుల తర్వాత రక్తపరీక్షలో 42 మందికి బీటా హెచ్‌సీజీ (గర్భాన్ని సూచించే హార్మోన్) పాజిటివ్. స్కానింగ్‌లో 34 మందికి హార్ట్‌బీట్ కనబడింది. చివరికి 27 మంది బిడ్డను ఎత్తుకుని ఇంటికి వెళ్లారు.

ఇప్పుడు సక్సెస్ రేటు ఎంత? ట్రాన్స్‌ఫర్ అయిన డెబ్బైమందిలో పాజిటివ్ చూస్తే 60 శాతం. హార్ట్‌బీట్ చూస్తే 49 శాతం. పుట్టిన బిడ్డల్ని చూస్తే 39 శాతం. ఇంజెక్షన్లు మొదలుపెట్టిన వందమందిలో ఎంతమందికి బిడ్డ పుట్టిందని చూస్తే 27 శాతం. నాలుగూ నిజమే. ఎక్కడా అబద్ధం లేదు. కానీ హోర్డింగు మీద ఏది ఎక్కుతుందో మీరు ఊహించుకోగలరు. నిజానికి మీరు ఆ గదిలో కూర్చున్నప్పుడు వందమందిలో ఒకరు. మీకు పిండాలు తయారవుతాయో లేదో ఇంకా ఎవరికీ తెలియదు. అందుకే మీకు పనికొచ్చేది ఆ చివరి అంకె.

పాజిటివ్‌లలో కొన్ని మొదటి వారంలోనే ఆగిపోతాయి. వాటిని బయోకెమికల్ ప్రెగ్నెన్సీ అంటారు. నాకు వచ్చింది అదే. రిపోర్టులో అంకె చూసి అత్తయ్య దేవుడి దగ్గర కొబ్బరికాయ కొట్టింది. రెండు రోజుల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తే అంకె పెరగాల్సింది పోయి తగ్గింది. సెంటర్ లెక్కలో మాత్రం నేను సక్సెస్ కిందే ఉండి ఉంటాను.

కాబట్టి సూటిగా ఇలా అడగండి: "పోయిన ఏడాది మీ దగ్గర ఐవీఎఫ్ మొదలుపెట్టిన వాళ్లెంతమంది? వాళ్లలో ఎంతమంది బిడ్డను ఇంటికి తీసుకెళ్లారు?" శాతం కాదు, రెండు సంఖ్యలు అడగండి. ఎందుకంటే ఆరుగురిలో నలుగురికి పుట్టినా అది 67 శాతమే. చిన్న సెంటర్‌లో ఒక్కరు అటూ ఇటూ అయితే శాతం తలకిందులవుతుంది.

"మూడు సైకిళ్లలో 85 శాతం" లాంటి మాట వింటే ఇంకాస్త ఆగండి. మొదటి సైకిల్ ఫెయిలై, డబ్బు లేకనో ఓపిక లేకనో మానేసిన వాళ్లను ఆ లెక్కలో ఏం చేశారో అడగండి. వాళ్లను పక్కన పెట్టేస్తే అంకె దానంతటదే పెరుగుతుంది.

రెండో పని: మీ వయసుకి తగ్గ అంకె అడగండి

ఐవీఎఫ్‌లో అన్నిటికంటే ఎక్కువ ప్రభావం చూపేది అండం వయసు. బ్రిటన్‌లో ఈ రంగాన్ని హెచ్ఎఫ్ఈఏ అనే ప్రభుత్వ సంస్థ 1991 నుంచి నియంత్రిస్తోంది. దాని 2022 లెక్కల్లో, సొంత అండాలతో చేసిన ట్రాన్స్‌ఫర్లలో, 35 ఏళ్లలోపు వాళ్లకు పెట్టిన ప్రతి మూడు పిండాల్లో సుమారు ఒకటి బిడ్డ అయింది. 43, 44 ఏళ్ల వాళ్లకు అది ఇరవైలో ఒకటి. ఇంత తేడా ఉన్న చోట అందరినీ కలిపి ఒకే సగటు చెబితే అది ఎవరికీ వర్తించదు. 28 ఏళ్ల అమ్మాయిని భయపెడుతుంది, 41 ఏళ్ల ఆవిడకు లేని ఆశ పెడుతుంది.

35 లోపు, 35 నుంచి 37, 38 నుంచి 40, ఆపైన. ఇలా విడివిడిగా అడగండి. దాంతోపాటు "ఇది సొంత అండాల లెక్కా, దాత అండాలు కూడా కలిశాయా?" అని తప్పకుండా అడగండి. 2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బై దాటిన ఒక పెద్దావిడ ఐవీఎఫ్‌తో కవలలకు జన్మనిచ్చిన వార్త మీకు గుర్తుండే ఉంటుంది. అది దాత అండాలతో జరిగింది. అండం ఎవరిదో వయసు వాళ్లదే లెక్కలోకి వస్తుంది, గర్భం మోసిన ఆవిడది కాదు. అందుకే దాత అండాల కేసులు కలిపితే పెద్ద వయసు వాళ్ల ఫలితాలు కూడా చూడ్డానికి బాగుంటాయి. (ఆ తర్వాత మన దేశంలో 2021లో వచ్చిన ఏఆర్‌టీ చట్టం, అంటే సంతాన సాఫల్య చికిత్సల చట్టం, 50 దాటిన మహిళలకు, 55 దాటిన పురుషులకు ఈ సేవలు ఇవ్వకూడదని చెప్పింది.)

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఏఎంహెచ్ (అండాల నిల్వను సూచించే రక్తపరీక్ష) తక్కువగా ఉన్న వాళ్లను తొలి రోజే "మీకు డోనర్ ఎగ్స్ తప్పవు" అని అటు మళ్లించే సెంటర్‌కి సక్సెస్ రేటు బాగా కనబడుతుంది. అదే నాలుగుచోట్ల ఫెయిలై వచ్చిన వాళ్లను, 42 ఏళ్ల వాళ్లను కాదనకుండా సొంత అండాలతో ఒక ప్రయత్నం చేయనిచ్చే సెంటర్‌కి రేటు తగ్గుతుంది. నా దృష్టిలో రెండో సెంటరే నిజాయితీగా పనిచేస్తోంది. కాబట్టి అన్నిటికంటే పెద్ద అంకె ఉన్న చోటికి పరుగెత్తకండి. బ్రిటన్ సంస్థ కూడా తన దగ్గర అన్ని సెంటర్ల లెక్కలూ పెట్టుకుని, సక్సెస్ రేటు ఒక్కటే చూసి సెంటర్ ఎంచుకోవద్దని, చాలా సెంటర్ల ఫలితాలు దాదాపు ఒకేలా ఉంటాయని చెబుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ పని కాస్త తేలిక. అక్కడ 1992లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి సెంటర్ తన ఫలితాలను అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీకి ఇవ్వాలి. వయసులవారీగా, ఎగ్ పికప్ కోసం మొదలైన ప్రతి సైకిల్‌నూ లెక్కలోకి తీసుకుని ప్రచురిస్తూ వచ్చారు. అంటే మధ్యలో ఆగిపోయిన వాళ్లు కూడా అందులో ఉంటారు. 2025 ఏప్రిల్‌లో ఆ లెక్కలు చూసే చిన్న బృందాన్ని ఉద్యోగాల కోతలో తీసేశారు. సెంటర్ల సంఘమైన సార్ట్ సొంతంగా ప్రచురించే లెక్కలు కూడా ఉంటాయి, అవీ చూడండి.

మనకు చట్టం ఏం ఇచ్చింది

మన దగ్గర సెంటర్లవారీగా పుట్టిన బిడ్డల లెక్క ఇంట్లో కూర్చుని చూసుకునే వీలు లేదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఫోన్ కొనడానికి పది రివ్యూలు చదివే మనం, జీవితంలో ఇంత పెద్ద నిర్ణయం హోర్డింగు చూసి తీసుకోవాల్సి వస్తోంది. అయితే చేతులు పూర్తిగా కట్టేసినట్టు కాదు. 2022 జనవరి నుంచి ఆ ఏఆర్‌టీ చట్టం అమల్లో ఉంది. ఆ సెంటర్‌లో విజయావకాశాలు ఎంత, ఖర్చెంత, దుష్ప్రభావాలేమిటి, కవలలు వస్తే ఉండే ప్రమాదమేమిటి అన్నది దంపతులకు వివరించడం సెంటర్ బాధ్యత అని ఆ చట్టంలోనే ఉంది. అంటే మీరు అడిగేది సాయం కాదు, హక్కు. "ఇవన్నీ ఎవరూ అడగరమ్మా" అంటే "చట్టంలో ఉందండీ" అని మర్యాదగా చెప్పండి.

మూడో పనిగా రిజిస్ట్రేషన్ చూసుకోండి. చట్టం కింద సెంటర్లు రెండు రకాలు. లెవెల్ 1లో ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపడం) వరకే చేయాలి. ఐవీఎఫ్, ఇక్సీ (ఒక్కో అండంలోకి ఒక వీర్యకణాన్ని సూదితో ఎక్కించడం) చేయాలంటే లెవెల్ 2 ఉండాలి. అండాలు, వీర్యం ఇచ్చే ఏఆర్‌టీ బ్యాంకుకు వేరే రిజిస్ట్రేషన్. ఏ రిజిస్ట్రేషన్ అయినా ఐదేళ్లే చెల్లుతుంది, తర్వాత రెన్యూవల్ చేయించుకోవాలి. రిసెప్షన్ దగ్గర గోడకున్న సర్టిఫికెట్‌లో పేరు, అడ్రసు, లెవెల్, తేదీ చూసి ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఇంటికెళ్లి కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఏఆర్‌టీ అండ్ సరోగసీ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఆ పేరు వెతకండి. బ్రాంచి బ్రాంచికీ విడిగా చూడాలి, హైదరాబాద్ మెయిన్ బ్రాంచికి ఉంటే మీ ఊరి బ్రాంచికి ఉన్నట్టు కాదు.

ఇదంతా లాంఛనం అనుకోకండి. 2025 జులైలో సికింద్రాబాద్‌లో బయటపడిన కేసు తెలుసు కదా. సరోగసీ ద్వారా పుట్టిన మీ బిడ్డే అని చెప్పి దంపతుల చేతిలో ఒక పసికందును పెట్టారు. వాళ్లకు అనుమానమొచ్చి డీఎన్ఏ పరీక్ష చేయిస్తే ఆ బిడ్డకూ వాళ్లకూ సంబంధం లేదని తేలింది. చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషన్ లేకుండానే ఆ సెంటర్ నడిచిందని పోలీసులు చెప్పారు. ఐదు నిమిషాల వెతుకులాటతో ఇలాంటి చోట్లను ముందే పక్కన పెట్టేయొచ్చు.

దాత అండాలు తీసుకోవాల్సి వస్తే ఇవి తెలిసి ఉండాలి. దాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి. జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడుకు మించి అండాలు తీయకూడదు. ఆమెకు బీమా ఉండాలి. "ఒకే డోనర్ నుంచి పదిహేను అండాలు ఇస్తాం" అని ఎవరైనా గొప్పగా చెబితే, అవతల ఒక పేద ఆడపిల్ల ఒంటి మీద చట్టం దాటుతున్నారని అర్థం. ఇక అబ్బాయి కావాలంటే చూద్దాం అని ఎవరైనా సూచనగా అన్నా సరే, లేచి వచ్చేయండి.

ల్యాబ్ గురించి అడగడం

డాక్టరు పేరు చూసి సెంటర్ ఎంచుకుంటాం. కానీ ఎగ్ పికప్ అయ్యాక ఐదారు రోజులు మీ పిండాలు ఉండేది ల్యాబ్‌లో, వాటిని పెంచే ఎంబ్రియాలజిస్టు చేతిలో. ఆ మనిషిని చాలామంది దంపతులు ఒక్కసారి కూడా చూడరు. నేనూ మొదటిసారి చూడలేదు. పూర్తికాలం ఇక్కడే ఉంటారా, లేక పికప్ రోజున వేరే ఊరు నుంచి వస్తారా అని అడగండి. ఐదు నిమిషాలు మాట్లాడించమని కోరండి.

ల్యాబ్ బాగుందో లేదో మనకెలా తెలుస్తుంది అనిపించొచ్చు. దానికీ కొలతలున్నాయి. యూరప్‌లోని పునరుత్పత్తి వైద్య సంఘం ఎష్రే, ఎంబ్రియాలజిస్టుల సంఘం ఆల్ఫా కలిసి 2017లో వియన్నా కన్సెన్సస్ అనే ప్రమాణాలు ప్రచురించాయి. ఇక్సీ చేసిన పక్వమైన అండాల్లో కనీసం 65 శాతం సరిగా ఫలదీకరణ చెందాలి, మంచి ల్యాబ్ 80 శాతం అందుకోవాలి. అలా ఫలదీకరణ చెందిన వాటిలో కనీసం 40 శాతం బ్లాస్టోసిస్ట్ (ఐదారు రోజుల పిండం) దశకు చేరాలి, 60 అయితే చాలా మంచిది. ఫ్రీజ్ చేసిన బ్లాస్టోసిస్ట్‌లను కరిగించినప్పుడు కనీసం 90 శాతం బతకాలి, లక్ష్యం 99. ఇవి మొత్తం ల్యాబ్‌కి వేసుకునే లెక్కలు. మీ ఒక్క సైకిల్‌లో తక్కువొస్తే ల్యాబ్‌దే తప్పని కాదు, అండాలను బట్టి, వీర్యాన్ని బట్టి మారుతుంది. అయినా "మీ ల్యాబ్ ఫెర్టిలైజేషన్ రేటు, బ్లాస్ట్ రేటు ఎంత?" అని అడిగి చూడండి. నెలనెలా లెక్క చూసుకునే ల్యాబ్ అయితే తడుముకోకుండా చెబుతుంది. రెండోసారి మేం వెళ్లిన సెంటర్‌లో ఎంబ్రియాలజిస్టు మేడమ్ మాస్కు కిందికి లాగి, కంప్యూటర్ తెరిచి, గత మూడు నెలల గ్రాఫు మాకే చూపించింది. ఒక నెల గీత కిందికి దిగి ఉంది. "ఆ నెల ఇంక్యుబేటర్ ఒకటి తేడా చేసింది, మార్చేశాం" అని తనే చెప్పింది. నాకు నమ్మకం కుదిరింది ఆ కిందికి దిగిన గీత చూశాకే.

ఇంకా రెండు అడగాలి. ఒకటి, డబుల్ విట్‌నెసింగ్. వీర్యం శాంపిల్ తీసుకున్నప్పటి నుంచి ట్రాన్స్‌ఫర్ దాకా ప్రతి అడుగులో పేరును, నంబరును ఇద్దరు మనుషులు సరిచూసి సంతకం పెట్టాలి, లేదా ఎలక్ట్రానిక్ ట్యాగులతో చూడాలి. శాంపిల్ డబ్బా మీద పేరు మీ కళ్ల ముందే రాయించుకోండి. రెండోది, కరెంటు పోతే ఏం చేస్తారు, రాత్రి పూట ఇంక్యుబేటర్ అలారం మోగితే ఎవరి ఫోన్‌కి వస్తుంది, లిక్విడ్ నైట్రోజన్ ట్యాంకు మట్టం ఎన్నాళ్లకోసారి చూస్తారు. మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉన్నది మీ పిండాలు, అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

కవలలు, అదనపు పరీక్షలు

"రెండు పెడదాం, ఒక్క ఖర్చుతో ఇద్దరు" అనే మాట మన దగ్గర చాలా తియ్యగా వినబడుతుంది. కవలలైతే నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం, తల్లికి బీపీ, పిల్లలకు ఎన్ఐసీయూ (పసికందుల ఐసీయూ) రోజులు పెరుగుతాయి. బ్రిటన్‌లో 1990లలో ఐవీఎఫ్ కాన్పుల్లో నాలుగోవంతుకు పైగా కవలలే. ఒక్క పిండమే పెట్టే పద్ధతికి మళ్లాక ఇప్పుడు ఐదు శాతం లోపుకి తెచ్చారు. అక్కడ ఫలితాన్ని పెట్టిన పిండానికి ఇంత అని లెక్కిస్తారు, కాబట్టి రెండు పెట్టి అంకె పెంచుకోవడం కుదరదు. మీ సెంటర్‌లో కవలల శాతం అడగండి. అది ఎక్కువగా ఉంటే సక్సెస్ రేటు ఎలా వచ్చిందో అర్థమవుతుంది.

ఇక ఈఆర్ఏ, పీజీటీ‑ఏ, ఎంబ్రియో గ్లూ, పీఆర్‌పీ అంటూ బిల్లులో చేరే అదనపు పరీక్షలకు, చికిత్సలకు ఒకటే ప్రశ్న: "నాలాంటి కేసులో దీనివల్ల బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందని రుజువుందా, మీ అనుభవమా?" కొందరికి కొన్ని అవసరమే. అందరికీ అన్నీ రాస్తుంటే ఆలోచించుకోండి.

కౌన్సెలింగ్‌కి వెళ్లే ముందు ఇది కాగితం మీద రాసుకోండి

గదిలోకి వెళ్లాక టెన్షన్‌లో సగం మర్చిపోతాం. ఒకరు అడగాలి, ఒకరు రాసుకోవాలి. జవాబు "మంచిగానే ఉంటాయండీ" అని వస్తే అదే రాసుకోండి, అంకె ఇవ్వలేదని పక్కన గుర్తు పెట్టండి.

– నా వయసు వాళ్లు, సొంత అండాలతో, పోయిన ఏడాది ఎంతమంది మొదలుపెట్టారు? ఎంతమందికి బిడ్డ పుట్టింది?
– ఎంతమందికి ట్రాన్స్‌ఫర్ దాకా రాలేదు?
– కవలల శాతం, ఓహెచ్ఎస్ఎస్‌తో (ఇంజెక్షన్ల వల్ల అండాశయాలు అతిగా ఉబ్బడం) ఆస్పత్రిలో చేర్చిన వాళ్ల సంఖ్య?
– ప్యాకేజీలో ఇంజెక్షన్లు, ఫ్రీజింగ్, తర్వాతి ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్, ఏడాది నిల్వ చార్జీ ఉన్నాయా?
– సైకిల్ మధ్యలో ఆపేస్తే ఎంత తిరిగిస్తారు?
– మిగిలిన పిండాల మీద నిర్ణయం ఎవరిది, కన్సెంట్ ఫారం ఇంటికి తీసుకెళ్లి చదువుకోవచ్చా?

చివరిదాన్ని వదలొద్దు. ఎగ్ పికప్ రోజు పొద్దున, కడుపు ఖాళీగా, చేతికి సెలైన్ సూది ఉండగా పన్నెండు పేజీల మీద సంతకాలు పెట్టాను నేను. అన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. తెలుగులో ఇమ్మని అడగండి, లేదంటే చదివి వినిపించమనండి. పిండాన్ని గర్భంలో పెట్టే క్షణం దాకా మీ సమ్మతి వెనక్కి తీసుకోవచ్చని చట్టమే చెబుతోంది.

డబ్బు వాపస్ ఇస్తామనే స్కీముల్లో షరతులు చదవండి. "సక్సెస్" అంటే పాజిటివ్ అని రాసి ఉంటే, రెండు రోజులే ఉండి ఆ తర్వాత పోయిన పాజిటివ్‌కి కూడా వాళ్లు గెలిచినట్టే.

సైకిల్ అయ్యాక

ఫలితం ఏదైనా సరే, కాగితాలు తీసుకోకుండా బయటికి రాకండి. ఏం చికిత్స చేశారో రాసిన డిశ్చార్జి సర్టిఫికెట్ ఇవ్వాలని చట్టంలో ఉంది. దాంతోపాటు ఎంబ్రియాలజీ షీటు అడగండి: ఎన్ని అండాలు తీశారు, ఎన్ని పక్వంగా ఉన్నాయి, ఎన్ని ఫలదీకరణ చెందాయి, ఏ రోజున ఏ గ్రేడులో ఉన్నాయి, ఎన్ని ఫ్రీజ్ చేశారు. ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగండి. ప్రతి సెంటర్‌లో ఫిర్యాదుల విభాగం ఉండాలి, ముందు అక్కడ ఇవ్వండి. అక్కడ పని జరగకపోతే రాష్ట్ర ఏఆర్‌టీ అధికారుల దగ్గరికి, డబ్బు సంగతైతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. రికార్డులు పదేళ్లపాటు వాళ్లు దాచాలి, కాబట్టి "పాతవి లేవు" అంటే ఊరుకోకండి.

మా మొదటి సెంటర్ ఆ షీటు ఇవ్వడానికి మూడు వారాలు తిప్పింది. చివరికి ఒక పేజీ ఇచ్చారు. పదకొండు అండాలు, తొమ్మిది పక్వమైనవి, ఐదు ఫలదీకరణ, ఐదో రోజుకి ఒక్క బ్లాస్టోసిస్ట్. అప్పటిదాకా "మీ ఎగ్ క్వాలిటీ బాగోలేదు" అన్న ఒక్క మాటే నాకు తెలుసు, ఆ మాట మోస్తూ ఎన్ని రాత్రులు నిద్రపోలేదో. గ్రాఫు చూపించిన మేడమ్ ఆ పేజీని బల్ల మీద పరిచి, పెన్నుతో తొమ్మిది దగ్గర, ఐదు దగ్గర గుండ్రంగా చుట్టింది. "అండాలు చాలానే పక్వంగా వచ్చాయమ్మా. ఇక్కడ తగ్గింది చూడండి. వీర్యం డీఎన్ఏ పరీక్ష ఎవరైనా రాశారా?" అంది. మా ఆయన నావైపు చూశాడు. ఎవరూ రాయలేదు.